క్రియాటినిన్ తగ్గింది, మూత్రమూ తగ్గింది

మా నాన్నగారికి డయాలసిస్ మొదలైన వారంలో, బెజవాడ సూర్యారావుపేటలోని ఆసుపత్రి నుంచి రిపోర్టు చేతపట్టుకుని ఇంటికి వచ్చిన రోజున ఆయన ముఖంలో చాలా కాలానికి వెలుగు చూశాను. కిడ్నీలు బయటికి పంపలేక రక్తంలో పేరుకునే వ్యర్థం క్రియాటినిన్, పొద్దున 8.4 ఉన్నది నాలుగు గంటల డయాలసిస్ తరువాత 3.1కి దిగింది. "ఇంకో నాలుగుసార్లు చేయించుకుంటే మామూలు మనిషినైపోతానురా" అన్నారు. ఒక రోజు విడిచి మళ్లీ వెళ్లేసరికి అది 7.6.

క్రియాటినిన్ మన కండరాల నుంచి నిత్యం పుడుతూనే ఉంటుంది. పేరుకున్న దానిని యంత్రం తోడేస్తుంది, తోడటం ఆపగానే మళ్లీ ఊరుతుంది. అందువల్ల డయాలసిస్ అయ్యాక వచ్చే అంకె ఆ పూట రక్తం ఎంత శుభ్రపడిందో చెబుతుంది గాని, కిడ్నీ ఎంత కోలుకుందో చెప్పదు. తీవ్రమైన విరేచనాల వల్లనో పాముకాటు వల్లనో హఠాత్తుగా దెబ్బతిన్న కిడ్నీలు కొన్ని వారాలలో కోలుకుని డయాలసిస్ మానేసినవారు ఉన్నారు. షుగరు, బీపీలతో ఏళ్ల తరబడి గట్టిపడిపోయిన కిడ్నీల సంగతి వేరు, నాన్నగారివి ఈ రెండో కోవకు చెందినవి.

మా మేనత్తది దీనికి పూర్తిగా ఎదురు భయం. "ఆ మిషను ఎక్కితే ఉన్న కాస్త కిడ్నీ కూడా పోతుందట" అని ఆవిడ మొదటి నుంచీ అంటూనే ఉన్నారు. చాదస్తమని కొట్టిపారేశాను. అందులో కొంత నిజముందని తరువాత తెలిసింది. డయాలసిస్ అవసరమయ్యే దశలో కూడా కిడ్నీలు కొంత మూత్రం చేస్తూనే ఉంటాయి. నాన్నగారికి మొదట్లో రోజుకు సుమారు 700 మిల్లీలీటర్లు వచ్చేది, తొమ్మిది నెలలకు అది సగమైంది. వ్యాధి తన దారిన తాను ముదరడం ఒక కారణమైతే, డయాలసిస్ మధ్యలో బీపీ పడిపోయిన ప్రతిసారీ మిగిలిన ఆ కాస్త కిడ్నీకి రక్తం అందకపోవడం మరొక కారణమని డాక్టరుగారు వివరించారు.

బీపీ ఎందుకు పడిపోతుందో లెక్క వేసి చూస్తే వేలు మా వంటింటి వైపే చూపించింది. నాన్నగారి డ్రై వెయిట్, అంటే ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు, 58 కిలోలు. మే నెలలో, బెజవాడ ఎండకు తోడు కొత్త ఆవకాయ కలిసిన వారంలో, ఆయన 3.2 కిలోల అదనపు నీటితో డయాలసిస్ మంచమెక్కారు. దానిని నాలుగు గంటల్లో తీయాలంటే కిలో బరువుకు గంటకు దాదాపు 14 మిల్లీలీటర్లు లాగాలి, చాలామంది కిడ్నీ డాక్టర్లు (నెఫ్రాలజిస్టులు) 13 దాటవద్దంటారు. ఆ రోజు మూడో గంటలో ఆయనకు చెమటలు పట్టి, పిక్కలు పట్టేసి, బీపీ 80కి దిగింది. ఉప్పు దాహాన్ని, దాహం నీటిని, నీరు బరువును పెంచుతుంటే, ఉప్పు మానకుండా నీళ్లు మాత్రం తగ్గించమని ఆయనను సాధించడం మా తప్పే.

మిగిలిన ఆ కొద్దిపాటి మూత్రం కోసం ఇంత పాకులాట ఎందుకంటే, యంత్రం వారానికి పన్నెండు గంటలే పనిచేస్తుంది, కిడ్నీ మాత్రం ఎంత నీరసంగానైనా 168 గంటలూ చేస్తుంది. పైగా రక్తంలో పేరుకునే బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ వంటి పెద్ద అణువులను మామూలు డయాలసిస్ సరిగా తీయలేదు. రక్తం పట్టడానికి కిడ్నీ చేసే ఎరిత్రోపోయిటిన్ హార్మోనును అయితే ఏ యంత్రమూ తయారు చేయదు, డయాలసిస్ రోగులకు వేసే ఇంజెక్షన్లు అందుకోసమే.

ఇప్పుడు నాన్నగారు మోకాళ్ల నొప్పికి ఎవరో ఇచ్చిన మాత్రలు వేసుకోవడం మానేశారు, ఎందుకంటే ఆ మాత్రలలో చాలా వాటికి కిడ్నీలో రక్తప్రసరణను తగ్గించే గుణం ఉంది. ఆవకాయ జాడీ మేనత్తగారింటికి చేరింది. మూత్రం కొలవడానికి స్నానాలగదిలో కొలత గీతల ప్లాస్టిక్ మగ్గు ఒకటి పెట్టాము, నాన్నగారు ఏ రోజుకారోజు లెక్క కూడి క్యాలెండరు గడిలో రాస్తున్నారు. నిన్నటి గడిలో 320 అని ఉంది.