దోచుకోవడం తేలిక, దాచుకోవడం కష్టం

పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండులో దారి కాచి దోచుకోవడానికి పెద్ద నేర్పేమీ అక్కరలేదు. లండన్ నుంచి పడమటికి పోయే దారులు హౌన్స్లో హీత్ అనే విశాలమైన పొదల బయలు గుండా సాగేవి. ఉత్తరాన ఫించ్లీ కామన్, ఆగ్నేయాన షూటర్స్ హిల్ కూడా అటువంటి చోట్లే. జీతం తీసుకుని దారులను కాచే పోలీసులు లేరు, లండన్ దాటితే బ్యాంకులు అరుదు, కాబట్టి ప్రయాణికులు బంగారు నాణేలనూ గడియారాలనూ వెంటబెట్టుకునే బయలుదేరేవారు. మంచి గుర్రమూ జత పిస్తోళ్లూ ఉన్నవాడికి అంతకు మించి ఏం కావాలి? అసలు చిక్కు దోపిడీ ముగిశాక మొదలయ్యేది: సొమ్మును అమ్ముకోవాలి, ఎక్కడో ఒకచోట ఏదో ఒక పేరుతో బతకాలి.

జేమ్స్ మక్లేన్ ఒక మతబోధకుని కొడుకు. సెయింట్ జేమ్స్ వీధిలో బస చేసి, పెద్దమనిషిగా చలామణీ అయ్యేవాడు. 1749 నవంబరులో అతడూ, ప్లంకెట్ అనే అతని జతగాడూ హైడ్ పార్కులో మాజీ ప్రధాని కుమారుడైన హొరేస్ వాల్పోల్ బండిని ఆపినప్పుడు పిస్తోలు పొరపాటున పేలి, గుండు ఆయన కంటి కింద చర్మాన్ని గీసుకుంటూ పోయింది. మక్లేన్ తర్వాత క్షమాపణ కోరుతూ ఉత్తరం రాశాడు! మర్నాడు మర్యాద నటించినంత మాత్రాన ముందునాటి పిస్తోలు బొమ్మ తుపాకీ అయిపోదు గానీ, జనం ఆ మర్యాదకే ముగ్ధులయ్యారు. మరుసటి ఏడాది ఒక ప్రయాణికుడి వద్ద దోచిన దుస్తులను అమ్మజూపి దొరికిపోయిన అతణ్ణి 1750 అక్టోబరు 3న లండన్‌లోని ఉరితీత స్థలమైన టైబర్న్‌లో ఉరి తీశారు.

డిక్ టర్పిన్ కథ ఇంకా విచిత్రమైనది. ఎసెక్స్‌లో కసాయి వృత్తి చేసిన ఈ మనిషి, దారిదోపిడీలకు ముందు ఇళ్లలో చొరబడి ముసలివాళ్లను సైతం హింసించిన ముఠాలో ఉండేవాడు. 1737లో ఎపింగ్ అడవిలో ఒకణ్ణి కాల్చి చంపాక, జాన్ పామర్ అనే పేరుతో యార్క్‌షైర్‌లో గుర్రాల వ్యాపారిగా స్థిరపడ్డాడు. 1738 అక్టోబరులో పరాయివాడి కోడిపుంజును వీధిలో కాల్చి, అడ్డొచ్చినవాణ్ణి బెదిరించినందుకు అరెస్టయ్యాడు. యార్క్ జైలు నుంచి తన బంధువుకు ఉత్తరం రాశాడు. అప్పట్లో తపాలా రుసుము అందుకునేవారే చెల్లించాలి. ఆ బంధువు చెల్లించడానికి ఇష్టపడక ఉత్తరాన్ని వెనక్కి పంపేశాడు. తపాలా కార్యాలయంలో దాన్ని చూసిన జేమ్స్ స్మిత్, ఒకప్పుడు టర్పిన్‌కు అక్షరాలు దిద్దించిన మనిషి. చేతిరాతను గుర్తుపట్టి, యార్క్ వెళ్లి ఆ ఖైదీ టర్పినేనని చూపించి, 200 పౌన్ల బహుమతి అందుకున్నాడు. చివరికి 1739 ఏప్రిల్ 7న టర్పిన్‌ను ఉరి తీసింది దారిదోపిడీకి కాదు, గుర్రాల దొంగతనానికి. లండన్ నుంచి యార్క్‌కు ఒక్క బిగిన నల్లగుర్రంపై దూసుకుపోయాడన్న కథ పందొమ్మిదో శతాబ్దపు నవల పుణ్యమే.

దారిదోపిడీ దొంగను పట్టించి శిక్ష పడేలా చేసినవారికి 40 పౌన్లు ఇవ్వాలని పార్లమెంటు 1692లోనే చట్టం చేసింది. ఆ సొమ్ము చాలా దారుణాలకు మూలమైంది. 1754లో బయటపడిన మెక్‌డానియల్ ముఠా, బహుమతి కోసమే పేదవాళ్లను దోపిడీల్లో ఇరికించి శిక్షలు వేయించింది. ఆ ముఠావారిలో ఒకణ్ణి శిక్షగా నడివీధిలో కొయ్యకు బిగించి నిలబెట్టినప్పుడు జనం రాళ్లతో కొట్టి చంపారు.

తపాలా శాఖ ఎంచుకున్న ఉపాయం మాత్రం తెలివైనది. తపాలా సంచులు మోసే కుర్రాళ్లు ఒంటరిగా గుర్రాలపై పోతూ తేలిగ్గా దొంగలకు చిక్కేవారు. అందుకని బ్యాంకు నోట్లను రెండు ముక్కలుగా కోసి, మొదటి ముక్క చేరిందని తెలిశాకే రెండోది పంపమని జనానికి సలహా ఇచ్చేవారు. ఒక్క ముక్క దొరికిన దొంగకు చిల్లిగవ్వ కూడా రాలదు. 1784 ఆగస్టు 2న బ్రిస్టల్ నుంచి లండన్‌కు బయలుదేరిన తొలి తపాలా బండిలో, ఆ కుర్రాళ్లకు బదులు తుపాకీ పట్టిన కాపలాదారు కూర్చున్నాడు.