విండ్సర్‌లో నాన్న, ఒక రైఫిల్ గొట్టం

నాన్న ముప్పై రెండేళ్ళు హైదరాబాద్‌లో ఒక ఫ్యాక్టరీలో టర్నర్‌గా, అంటే లేత్ మెషీన్ మీద లోహాన్ని చెక్కే పని చేశారు. మమ్మల్ని చూడ్డానికి అమెరికా వచ్చి రెండు నెలలైనా, నయాగరా ముందు నిలబెడితే "బాగుందిరా" అని ఊరుకున్న మనిషి. అందుకే అక్టోబర్‌లో ఓ శనివారం పులిహోర కట్టుకుని వెర్మాంట్‌లోని విండ్సర్‌కి బయల్దేరాం. రంగు మారిన ఆకుల కోసం మా ఆవిడ, మెషీన్ల కోసం నేను.

వాగు పక్కన పాత ఇటుకల భవనం. 1846లో రాబిన్స్ అండ్ లారెన్స్ కంపెనీ కట్టిన తుపాకుల ఫ్యాక్టరీ, ఇప్పుడు అమెరికన్ ప్రెసిషన్ మ్యూజియం. ఏ రైఫిల్ భాగం తీసి ఏ రైఫిల్‌కి బిగించినా సరిపోయేలా చేసి 1851లో లండన్ ప్రదర్శనకి పంపారట. అది చూసిన బ్రిటిష్ వాళ్ళు తర్వాత ఎన్‌ఫీల్డ్‌లోని తమ ఫ్యాక్టరీకి ఇక్కడి మెషీన్లు కొనుక్కున్నారు.

లోపల ఒక పెద్దాయన, ఆయనా రిటైర్డ్ మెషినిస్టే, అన్నీ వివరిస్తున్నాడు. గొట్టానికి బోరు, అంటే లోపలి రంధ్రం, ఎలా వేస్తారని నాన్న అడగమన్నారు. నేను ఇంగ్లీషులోకి మార్చేలోపే ఆయన చేతిలో కడ్డీ తిప్పి చూపించాడు. "అదే! జాబ్ (చేస్తున్న గొట్టం) తిరగాలి, డ్రిల్ కాదు. అప్పుడే బోరు పక్కకి పోదు" అన్నారు నాన్న. డ్రిల్ లోపలి నుంచే ప్రెషర్‌తో ఆయిల్ పంపిస్తే అది చిప్స్‌ని, అంటే తెగిన లోహపు ముక్కల్ని, వెనక్కి తోసుకొస్తుంది. ఆ తర్వాత బోరుని నునుపు చేసి సరైన కొలతకి తెచ్చే రీమర్. ఇక్కడితో నా పని అయిపోయింది, వాళ్ళిద్దరూ చేతులతోనే మాట్లాడుకున్నారు.

అసలు కథ గాడుల దగ్గర. తూటా గిర్రున తిరుగుతూ వెళ్ళాలంటే బోరు లోపల మెలికగా గాడులు పడాలి. పాత పద్ధతిలో చిన్న కొక్కెం లాంటి టూల్‌ని మెలితిప్పుతూ లాగుతారు, ఒక్కో లాగుకి వెంట్రుక మందం కూడా తెగదు. ఇప్పుడు చాలాచోట్ల కార్బైడ్ అనే చాలా గట్టి పదార్థంతో చేసిన బటన్ అనే టూల్‌ని ఒక్కసారి లాగేస్తారు. అది కోయదు, లోహాన్ని నొక్కి గాడి చేస్తుంది. పని త్వరగా అవుతుంది కానీ స్టీల్లో స్ట్రెస్ (లోపలి ఒత్తిడి) మిగిలిపోతుంది. దాన్ని సరిగ్గా వేడిచేసి తీసేయకుండా గొట్టం పైభాగాన్ని లేత్ మీద చెక్కితే, లోపల బోరు వెడల్పవుతుంది. నాన్న నవ్వారు. "మా షాపులో ఎన్ని షాఫ్టులు ఇలాగే వంగాయో!"

పూర్వం గొట్టం వంకర ఎలా పట్టేవారో కూడా చెప్పాడాయన. కిటికీ వైపు పెట్టి బోరులోంచి చూస్తే లోపల నీడ గీతలా పడుతుంది. గీత ఎక్కడ విరిగితే అక్కడ వంపు, అక్కడే సుత్తి దెబ్బ. నాన్న చాలాసేపు ఒక కన్ను మూసుకుని అలా చూస్తూనే ఉన్నారు. చివర్న మూతి అంచుని బొటనవేలితో తడిమారు. అక్కడ చిన్న బర్ర్ (పొడుచుకొచ్చిన లోహపు అంచు) ఉన్నా గ్యాస్ ఒక పక్కకి ఎక్కువ తన్ని తూటా దారి తప్పుతుందట. అంత కష్టపడి చేసిన బోరూ దండగే.

బయటికొచ్చి వాగు దగ్గర పులిహోర తింటుంటే నాన్నకి లెక్క గుర్తొచ్చింది. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్ గొట్టం 39 అంగుళాలు, గాడి ఒక పూర్తి చుట్టు తిరగడానికి 78 అంగుళాలు కావాలి. "అంటే మొత్తం గొట్టంలో అర చుట్టేరా!" 1857లో మన సిపాయిల్లో గొడవ మొదలైంది ఆ రైఫిల్ తూటాల కొవ్వు మీదే అన్నాను.

"కొవ్వు సంగతి సరే, ఆ అర చుట్టు ఎలా కొలిచేవాళ్ళో అడగలేదురా," అంటూ ఆయన చెయ్యి కడుక్కుని మళ్ళీ లోపలికి నడిచారు.