ముందు నీ మాస్కు

పదకొండున్నర దాటింది. పడుకోవాల్సింది పోయి ఇది టైపు చేస్తున్నానంటే కారణం మా పెద్దాడు. భోజనాల దగ్గర మాట మీద మాట పెరిగి, చివరికి వాడి బ్రహ్మాస్త్రం తీశాడు: "విమానంలో కూడా ముందు నీ ఆక్సిజన్ మాస్కే పెట్టుకోమంటారు. బతకాలంటే స్వార్థం ఉండాల్సిందే." చిన్నది వెంటనే "తనకు మాలిన ధర్మం, మొదలు చెడ్డ బేరం" అని తాళం వేసింది. అంతటితో సభ ముగిసింది. నాకే గొంతులో ముల్లు దిగబడ్డట్టు ఉండిపోయింది.

ఆ మాస్కు వాక్యం మీద నాకు ఎప్పటినుంచో కోపం. ఎవరికీ సాయం చెయ్యకపోవడానికి, ఫోను ఎత్తకపోవడానికి, రోగంతో ఉన్నవాళ్ళని పలకరించకపోవడానికి, అన్నిటికీ అదే సాకు. పైగా సగమే చెబుతారు. రెండో సగం "తర్వాత పక్కవారికి సాయపడండి" అని ఉంటుంది. అది విన్నవాళ్ళే లేరు కాబోలు. అసలు ఆ వాక్యం అలా ఎందుకుందో కనుక్కుందామని కూడా ఎవరికీ తోచదు.

35,000 అడుగుల ఎత్తులో క్యాబిన్‌లో పీడనం పోతే, మనిషికి పనికొచ్చే తెలివి మిగిలేది 30 సెకన్ల నుంచి 60 సెకన్లు. ఆ తర్వాత కళ్ళు తెరిచే ఉండొచ్చు, కానీ పట్టీని తల వెనక్కి వెయ్యాలన్న సంగతి తట్టదు. ఇంకా పెద్ద మోసం ఏమిటంటే, ఆక్సిజన్ అందని మెదడుకి తనకి అందడం లేదని తెలీదు. కొందరికి హాయిగా, నవ్వొచ్చేట్టు కూడా ఉంటుంది. పక్క సీట్లో పిల్లాడు భయంతో తల అటూ ఇటూ తిప్పుతుంటే, వాడికి మాస్కు పెట్టేలోపే ఆ సెకన్లు అయిపోతాయి. అప్పుడు పెద్దవాళ్ళు ఒరిగిపోతారు, పిల్లాడి మాస్కు జారినా సర్దే చెయ్యి ఉండదు. అదే పెద్దవాళ్ళు ముందు పెట్టుకుంటే, ఈలోపు పిల్లాడికి కాసేపు స్పృహ తప్పినా మాస్కు పెట్టాక తేరుకుంటాడు. పైన ఉండే ఆక్సిజన్ మామూలుగా 12 నిమిషాలైనా వస్తుంది, పైలట్ విమానాన్ని 10,000 అడుగులకి దించడానికి అది చాలు. నా మాస్కు నేను పెట్టుకున్నందుకు పిల్లాడి వాటా చిటికెడు కూడా తగ్గదు. ఎవరి మాస్కు వాళ్ళకుంది. ఇది ఎవరు ముందు, ఎవరు తర్వాత అన్న వరుస. దీన్ని పట్టుకొచ్చి స్వార్థానికి సాక్ష్యం చెప్పించడమేమిటి?

మ్యాన్‌హోల్ దగ్గరా ఇదే లెక్క. లోపల ఒకడు పడిపోతాడు. చూసి రెండోవాడు దూకుతాడు, వాడూ పడతాడు. మూడోవాడు దూకుతాడు. అమెరికాలో పనిచోట్ల భద్రత చూసే సంస్థ నియోష్ (NIOSH), 1986లో ఇచ్చిన హెచ్చరికలో ఇలాంటి ఇరుకు చోట్ల చనిపోయినవాళ్ళలో 60 శాతానికి పైగా కాపాడబోయినవాళ్ళేనని రాసింది. కారణం కంటికి కనబడేది కాదు. మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు కుళ్ళిన గుడ్ల కంపు కొడుతుంది. కానీ 100 పీపీఎం (గాలిలో పది లక్షల వంతులకి వంద) దగ్గరికి వచ్చేసరికి ముక్కు మొద్దుబారుతుంది, కంపు పోయిందని మనిషి ధైర్యంగా ఇంకా కిందికి దిగుతాడు. ఆక్సిజన్ 21 శాతం ఉండాల్సిన చోట 6 శాతం కంటే తగ్గితే నిమిషం లోపే కుప్పకూలతాడు. ఊపిరి బిగబట్టి దిగొచ్చేస్తానంటారు కొందరు వీరులు. అరవై కిలోల మనిషిని భుజాన వేసుకుని నిచ్చెన ఎక్కేటప్పుడు ఊపిరి ఎవరికి ఆగుతుంది? అందుకే దిగకముందే పైన, మధ్యలో, అడుగున గాలి పరీక్ష చెయ్యాలి. మీథేన్ తేలిక కాబట్టి పైకి చేరుతుంది, హైడ్రోజన్ సల్ఫైడ్ బరువు కాబట్టి అడుగున పేరుకుంటుంది, ఒక్క చోట చూస్తే చాలదు. దిగేవాడి ఒంటికి బెల్టు, తాడు, పైన మూడు కాళ్ళ స్టాండు, దానికి వించి (తాడు చుట్టే చక్రం) ఉండాలి. పైనున్నవాడు దిగకుండా వించి తిప్పితే చాలు. గట్టు మీద ఆగినవాణ్ణి పిరికివాడంటారు గానీ, ఆ నిమిషంలో అక్కడ పనికొచ్చేది వాడొక్కడే.

ఇంతవరకు రాసి, తేలిపోయింది, బతకడానికి స్వార్థం అక్కర్లేదు, పడుకుందాం అనుకున్నాను. అప్పుడు తాడు గుర్తొచ్చింది.

1985. పెరూలో 6,344 మీటర్ల సియులా గ్రాండే. జో సింప్సన్, సైమన్ యేట్స్ అనే ఇద్దరు బ్రిటిష్ కుర్రాళ్ళు పడమటి ముఖం మీదుగా శిఖరం ఎక్కి దిగుతున్నారు. సింప్సన్ జారి పడ్డాడు, కుడి మోకాలు చితికిపోయింది. అంత ఎత్తులో, ఇద్దరే ఉన్నచోట, కాలు విరిగితే కథ అయిపోయినట్టే. యేట్స్ అక్కడే వదిలేసి పోయినా ఎవరూ ఏమీ అనలేరు. అతను పోలేదు. మంచులో తొట్టిలాంటి గుంత తవ్వుకుని అందులో కూర్చుని, 150 అడుగుల తాళ్ళు రెండు ముడివేసి, సింప్సన్‌ని కిందికి జార్చడం మొదలుపెట్టాడు. సగం దూరం పోయేసరికి ముడి వచ్చి, యేట్స్ దగ్గర తాడుని అదుపు చేసే లోహపు బిళ్ళ దగ్గర ఆగుతుంది, అందులోంచి దూరదు. అప్పుడు సింప్సన్ మంచి కాలి మీద నిలబడి తాడు బిగువు తగ్గించాలి. ఆ కాస్త వదులులో యేట్స్ తాడు తీసి, ముడి దాటించి, మళ్ళీ బిగించి ఇంకో 150 అడుగులు వదలాలి. తర్వాత తను దిగి, కొత్త గుంత తవ్వాలి. మంచు కరిగించి తాగుదామంటే గ్యాస్ అయిపోయింది. ఇలా దాదాపు 3,000 అడుగులు దించాడు. ప్రతిసారీ ఆ గుంత తన బరువుకే కుంగుతుంది.

చీకట్లో, తుఫానులో, ఒకసారి సింప్సన్ మంచు అంచు దాటి గాల్లో వేలాడాడు. కాలు ఆనే చోటు లేదు, బిగువు తగ్గించే దారి లేదు. సన్న తాడు చుట్లు వేసుకుని పైకి పాకుదామంటే వేళ్ళు గడ్డకట్టాయి, ఆ చుట్లలో ఒకటి చేజారింది. పైన యేట్స్‌కి ఏమీ కనబడదు, వినబడదు. గంటకి పైగా పట్టుకున్నాడు. కింద గుంత మంచు కొంచెం కొంచెంగా రాలుతోంది. సంచిలోంచి చాకు తీసి తాడు కోశాడు.

ఇక్కడ నా మాస్కు వాదన పనిచెయ్యదు, ఒప్పుకోవాలి. ఇది వరుస కాదు. కోస్తే అవతలి మనిషి పోతాడని అతనికి తెలుసు. తన ప్రాణం కోసం కోశాడు, అంతే. పెద్దాడికి ఒక పాయింటు.

ఓడల సంగతి తీస్తే ఇంకో పాయింటు కూడా ఇవ్వాలేమో. 1912లో టైటానిక్ మునగడానికి 2 గంటల 40 నిమిషాలు పట్టింది. ఆడవాళ్ళు, పిల్లలు ఎక్కువగా బతికారు. 1915లో లూసిటానియా 18 నిమిషాల్లో మునిగింది. అక్కడ బతికినవాళ్ళలో ఎక్కువమంది వయసులో, ఒంట్లో సత్తువ ఉన్నవాళ్ళు. స్వీడన్‌లో ఇద్దరు ఆర్థికవేత్తలు 2012లో 18 ఓడ ప్రమాదాలు కలిపి చూస్తే, ఓడ సిబ్బందే ప్రయాణికులకంటే ఎక్కువ బతికారు. మనం కథగా చెప్పుకునే మర్యాద టైటానిక్‌లాంటి ఒకటీ అరా ఓడలదే కాబోలు. ఎవరికి వారే యమునా తీరే అన్నది సముద్రం మీద కూడా నిజమే.

కానీ... సింప్సన్ బతికాడు కదా. ఆ కోతతో మంచు పగులులో పడి, లోపల చిన్న గట్టు మీద ఆగాడు. పట్టుకుని ఉన్న తాడు లాగితే కొస వచ్చింది, కోసిన గుర్తుతో. ఇంకా లోతుకి దిగి, పక్కగా దారి వెతుక్కుని, మూడు రోజులు పాకుతూ గెంతుతూ సుమారు 8 కిలోమీటర్లు వచ్చి డేరాల దగ్గర పడ్డాడు. ఆ తర్వాత లోకం యేట్స్‌ని తిట్టింది. సింప్సన్ మాత్రం ఎప్పుడూ అతని పక్షమే మాట్లాడాడు. ఆ 3,000 అడుగులు ఎవరు దించారో అతనికి తెలుసు. అంచు దాకా వచ్చి ఉండకపోతే కొయ్యడానికి తాడే ఉండేది కాదు.

పెద్దాడి మాటలో అసలు లొసుగు ఇదే అనిపిస్తోంది ఇప్పుడు. "బతకాలంటే" అంటాడు. ఎవరు బతకాలంటే? 1982 జనవరి 13న వాషింగ్టన్‌లో వంతెనని కొట్టుకుని ఒక విమానం పొటోమాక్ నదిలో పడింది. తోక పట్టుకుని ఆరుగురు నీళ్ళలో మిగిలారు. హెలికాప్టర్ తాడు జార్చినప్పుడల్లా ఆర్లాండ్ విలియమ్స్ దాన్ని పక్కవాళ్ళకి అందించాడు. ఐదుగురు బతికారు, ఆయన మునిగిపోయాడు. ఆ ఐదుగురిని అడిగితే ప్రాణం నిలవడానికి ఏం కావాలంటారు? ఆండీస్‌లో 1972లో మంచులో కూలిన విమానంలో మిగిలినవాళ్ళు కూడా, నడిచి వెళ్ళబోయేవాళ్ళకి ఎక్కువ తిండి, వెచ్చని చోటు ఇచ్చి, పనులు మాన్పించారు. 45 మందిలో 72 రోజుల తర్వాత 16 మంది బయటపడ్డారు. ఎవరి ముక్క వాళ్ళే దాచుకుని ఉంటే కొండ దాటి కబురు చెప్పేవాడు ఎవడు?

చిన్నదాని సామెత కూడా సరిగ్గా వినలేదు మేము. అందులో పక్కనున్నది బేరం, "మొదలు" అంటే పెట్టుబడి. పెట్టుబడి పోగొట్టుకోవద్దంటోంది గానీ, వ్యాపారం మూసెయ్యమనడం లేదు.

అయినా యేట్స్ సంగతి నాకింకా పూర్తిగా తేలలేదు. రేపు పెద్దాడు మళ్ళీ మాస్కు ఎత్తితే వాదించను, ఒక్కటే అడుగుతాను. మాస్కు కిందికి వేలాడగానే ఆక్సిజన్ వస్తుందనుకుంటున్నాడా? రాదు. గట్టిగా ముఖం దగ్గరికి లాగితేనే పైన పిన్ను ఊడి మొదలవుతుంది. ప్లాస్టిక్ సంచి ఉబ్బకపోయినా వస్తూనే ఉంటుంది, ఉబ్బలేదని తీసి పారెయ్యకూడదు. ముక్కూ నోరూ రెండూ మూసుకోవాలి, చాలామంది నోటికే పెట్టుకుంటారు.