నిలువు మడతకు లొంగని చీరల అర

బీరువాలో చీరలను నిలబెట్టి సర్దే ప్రయత్నం ఈసారి కూడా ఫలించలేదు. ఇల్లు సర్దడంలో పేరుపొందిన జపాన్ నిపుణురాలు మేరీ కోండో, బట్టలను మడిచి సొరుగులో నిలువుగా పేర్చమంటారు. ఆమె పద్ధతిలో బట్టలు, పుస్తకాలు, కాగితాలు, చిల్లర సామాను, చివరగా జ్ఞాపక వస్తువులు అనే వరుసలో ఇల్లు సర్దుకోవాలి. అందులో మొదటి మెట్టు దగ్గరే నిలిచిపోవడం నాకెంతో చికాకుగా ఉంది. పిల్లల యూనిఫారాలు, రవికలు, చేతిరుమాళ్లు సొరుగుల్లో చక్కగా కుదిరాయి. చీరలే కుదరలేదు.

చెన్నై పశ్చిమ మాంబళంలోని మా ఇంట్లో అత్తగారు, తోడికోడలు, నేను ఒకే బీరువా వాడుకుంటాము. ముగ్గురికీ ఉదయం ఎనిమిదిలోపే చీర చేతికందాలి. అర లోపలి వెడల్పు 85 సెంటీమీటర్లు, లోతు 45, ఎత్తు 32. ఇస్త్రీ మడతలో ఉన్న నేతచీర సుమారు 29 సెంటీమీటర్ల వెడల్పు, 34 పొడవు, 1.8 మందం ఉంటుంది. దాన్ని ఇంకొకసారి సగానికి మడిస్తే 17 ఎత్తున నిలుస్తుంది, మందం 3.6 అవుతుంది. అలా నిలబెడితే వరుసకు 12 చొప్పున రెండు వరుసల్లో 24 చీరలు పడతాయి. పాత పద్ధతిలో దొంతర పేరిస్తే అదే అరలో 34 పట్టేవి.

కట్టని చీరలను ఎలాగూ తీసేశాము కనుక ఆ నష్టాన్ని భరించవచ్చు. అసలు చిక్కు అవి నిలబడకపోవడం. గంజి పెట్టిన మంగళగిరి చీరలు నిటారుగా ఉంటాయి గానీ, పక్క చీర లాగిన వెంటనే జార్జెట్టు, క్రేపు చీరలు కుంగిపోయి మిగిలిన వరుసనంతా వాల్చేస్తున్నాయి. మొదట పెట్టెలను అనుమానించాను. కోండో స్వయంగా మెచ్చుకునే చెప్పుల అట్టపెట్టెలు చెన్నై తేమకు మెత్తబడ్డాయి. రంగనాథన్ వీధిలో కొన్న ప్లాస్టిక్ బుట్టలు గట్టివే అయినా, నాలుగు చీరలు ఉతుకుకు వెళ్లగానే మిగిలినవి అందులోనే పడిపోతున్నాయి.

నేలకు దగ్గరగా ఉన్న అరలో మాత్రం ఈ ఇబ్బంది సగానికి సగం తగ్గడం చూశాక నా అనుమానం పెట్టెల మీది నుంచి చూపు కోణం మీదికి మళ్లింది. అక్కడ పైనుంచి చూస్తాము కాబట్టి ప్రతి చీర అంచూ కనిపిస్తుంది, కావలసినదాన్నే తీస్తాము. 140 సెంటీమీటర్ల ఎత్తున్న అరలో మొదటి చీర ముఖం తప్ప ఏదీ కనబడదు, వెతకడంలోనే వరుస చెదిరిపోతుంది. “వెనకున్నది కనబడనప్పుడు నిలబెడితే ఏం, పడుకోబెడితే ఏమమ్మా?” అని అత్తగారు అడిగారు. ఆ ప్రశ్న సబబైనది. ఈ పద్ధతి సొరుగును దృష్టిలో పెట్టుకున్నది, మన బీరువాలో ఉన్నవి ఎక్కువగా అరలు. పై అరలో దొంతరే అంచులను కంటికి ఎదురుగా చూపిస్తుంది.

చీరలను అడ్డంగా తిప్పి, పుస్తకాల వరుసలా పేర్చి, మధ్యలో స్టీలు ఆనికలు పెట్టి కూడా చూశాను. 23 చీరలు పట్టాయి, అంచులూ కనిపించాయి, కాని జార్జెట్టు బరువుకు ఆనికలే జరిగిపోయాయి. అన్నిటికీ గంజి పెట్టడం పరిష్కారం కాదు. గంజి కోసం సిల్వర్‌ఫిష్ పురుగులు చేరతాయి, చాలాకాలం దాచే బట్టను గంజి పోయేలా ఉతికే దాచాలి. పట్టుచీరలను ఈ ప్రయోగంలోకి తేలేదు. అదనపు మడత జరీకి మంచిది కాదు, ఉన్న మడతలనే కొన్ని నెలలకొకసారి మార్చాలి. పైగా పెళ్లిచీర బట్టల వరుసకు చెందుతుందా, జ్ఞాపకాల వరుసకు చెందుతుందా అన్నది మా ఇంట్లో ఇంకా తేలలేదు.

ఇకమీదట పై అరలన్నీ దొంతరలకే వదిలేస్తాను, పట్టుచీరలను పాత పంచెల్లో చుట్టి అక్కడే ఉంచుతాను. కింది రెండు అరల్లోకి ముందుకు లాగే ప్లైవుడ్ ట్రేలు చేయించాలి. గోద్రెజ్ బీరువా రేకు గట్టిదనం మీద నాకు పూర్తి నమ్మకం ఉంది, కాని ట్రేలు బిగించడానికి దానికి రంధ్రాలు వేస్తే సముద్రపు గాలికి అక్కడ తుప్పు పడుతుంది కాబట్టి ట్రేలకు విడి చట్రం కట్టిస్తాను. ట్రేలు ముందుకు జారడానికి ఎబ్కో కంపెనీ 16 అంగుళాల చానెళ్లు (జారుడు పట్టాలు) సరిపోతాయి, ఈ పనికి చప్పుడు లేకుండా మెల్లగా మూసుకునే హెట్టిక్ సాఫ్ట్‌క్లోజ్ చానెళ్ల ఖర్చు అనవసరం. జార్జెట్టు చీరలను నిలబెట్టకుండా చుట్టి ఆ ట్రేలలోనే వేసి చూడాలి. ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యేలోగా వడ్రంగి పని పూర్తయితే, భోగికి ముందు పుస్తకాల వరుస మొదలుపెట్టవచ్చు.