వాలుగ, దూది, మూడో ట్యూబు

జెల్ లోంచి డీఎన్‌ఏని బయటికి తీసే కిట్‌లో కాలమ్‌లు, అంటే డీఎన్‌ఏని పట్టి ఉంచే చిన్న వడపోత గొట్టాలు, రెండే మిగిలాయి. నా దగ్గర శాంపిళ్లు మూడు. నిన్న రాత్రి పడుకునే ముందు కూడా ఇదే లెక్క. కొత్త కిట్‌కి ఆర్డరు పెట్టి మూడు వారాలైంది, ఇంకా రాలేదు. అందుకే మూడోదానికి కాలమ్ బదులు వాడదామని పొద్దున్న బయల్దేరేటప్పుడు అమ్మమ్మ బుట్టలోంచి పిడికెడు దూది అడిగాను.

"దూదేటికే నీకు? దెబ్బేటైనా తగిల్నాదా?" అంది.

కాదు, ల్యాబ్‌లో పనుంది అన్నాను. ఇంకేమీ అడగలేదు. పైన ఉన్నది కాకుండా, అడుగున దాచుకున్న మెత్తటి దూది తీసి కాగితంలో చుట్టి ఇచ్చింది. పొందూరు నుంచి చిలకపాలెం, అక్కడ బస్సు మారి శ్రీకాకుళం. దారి పొడుగునా ఆ పొట్లం ఒళ్లోనే ఉంది.

శాంపిళ్లు మూడూ వాలుగ చేపలవి. చేపల మార్కెట్లో ఒకావిడ దగ్గర రెండు నెలల్లో కొన్నవి. "నాగావళి చేపేనమ్మా" అని చెప్పి మరీ ఇచ్చింది. ఒక్కో దాని రెక్క చివర గోరంత ముక్క కోసి ఆల్కహాల్లో వేసి ఉంచాను. అందులోంచి డీఎన్‌ఏ తీసి, సీఓఐ అనే జన్యువులో 655 బేస్‌ల, అంటే 655 అక్షరాల ముక్కని పీసీఆర్‌తో, నకలు మీద నకలు తీసి, పెంచాలి. చేపల జాతిని పోల్చడానికి అందరూ చదివే ముక్క అదే. మన ఏటి వాలుగ అక్షరాలు కూడా ఆ లెక్కలో చేరాలని నా కోరిక.

చిక్కేమిటంటే, పీసీఆర్‌లో నాకు కావలసిన బ్యాండ్‌తో (జెల్ మీద డీఎన్‌ఏ గీతలా కనిపిస్తుంది, అదే బ్యాండ్) పాటు 300 బేస్‌ల దగ్గర ఇంకోటి వస్తోంది. ఉష్ణోగ్రత పెంచి చూశాను, నకలు ఎక్కడ మొదలవ్వాలో చూపే ప్రైమర్ తగ్గించి చూశాను, పోలేదు. రెండూ కలిపి సీక్వెన్సింగ్‌కి, అంటే అక్షరాలు చదివించడానికి, పంపిస్తే ఫోన్లో ఇద్దరు ఒకేసారి మాట్లాడినట్టు ఉంటుంది, ఒక్క ముక్కా అర్థం కాదు. ఇక మిగిలిన దారి ఒకటే. జెల్ లో కరెంటుతో నడిపించి రెండింటినీ సైజుని బట్టి విడదీసి, కావలసినదాన్ని కోసి, జెల్ లోంచి డీఎన్‌ఏని బయటికి తీయడం.

జెల్ 1.5 శాతం పోశాను. సముద్రంలో పెరిగే ఎర్ర నాచు నుంచి వచ్చే అగరోజ్ పొడి అది, మరిగించి చల్లారిస్తే లేత తాటిముంజెలా తయారవుతుంది. జెల్‌లో శాంపిల్ పోసే గుంటలు చేసే దువ్వెన పళ్లు రెండేసి కలిపి టేపు అంటించాను. అలా చేస్తే గుంట పెద్దదై 50 మైక్రోలీటర్లూ ఒక్కచోటే పడతాయి. 100 వోల్టులు, 50 నిమిషాలు. ఆ 50 నిమిషాలూ కరెంటు పోకూడదని మొక్కుకున్నాను. పోలేదు.

తర్వాతి ఘట్టం నాకు భయం. పోయిన నెల ఇక్కడే చెడగొట్టాను. బ్యాండ్ బాగా వచ్చిందన్న సంతోషంలో 302 నానోమీటర్ల యూవీ వేసి, ఫోటో మీద ఫోటో తీసుకుంటూ, నెమ్మదిగా కోసుకుంటూ అయిదు నిమిషాలు గడిపేశాను. ఆ వెలుగు తగిలితే డీఎన్‌ఏలో పక్కపక్కనున్న థైమిన్లు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. చదివే ఎంజైమ్ అక్కడికి వచ్చి ఆగిపోతుంది. నా సీక్వెన్స్ సగం దాకా కూడా రాలేదు. పుస్తకంలో ఎన్నోసార్లు చదివిన విషయమే, నా చేపకి జరిగాకే మనసుకెక్కింది.

ఈరోజు 365 మీద పెట్టాను. బ్యాండ్ మసగ్గా కనిపిస్తుంది, అయినా చాలు. గ్లవ్స్ వేసుకుని, ముఖానికి షీల్డు పెట్టుకుని, కొత్త బ్లేడు తీసుకున్నాను. నారింజ రంగులో సన్నటి గీత, బియ్యపు గింజ మందం కూడా లేదు. పక్కన ఎమ్మెస్సీ అమ్మాయి నిలబడి ఉంది.

"అక్కా, ఎంత బాగుందో! ఒక్క ఫోటో?"

"వద్దమ్మా. చూసే కొద్దీ పాడవుతుంది. ముందు కోసేద్దాం."

బ్లేడుని నిలువుగా దింపాను, పైన ఒకటి, కింద ఒకటి, పక్కల రెండు. లైటు కట్టేశాక మామూలు వెలుగులో అంచుల్లో మిగిలిన ఖాళీ జెల్‌ని కూడా చెక్కేశాను. పోయిన నెల ముక్క 400 మిల్లీగ్రాములు తూగింది. ఈరోజు మొదటిది 160, రెండోది 170. జెల్ ఎంత ఎక్కువుంటే దాన్ని కరిగించే బఫర్ అంత ఎక్కువ పోయాలి, కాలమ్‌లో రెండు విడతలుగా దించాలి, విడత విడతకీ కొంత పోతుంది.

160 మిల్లీగ్రాములకి మూడింతలు, అంటే 480 మైక్రోలీటర్ల బఫర్. 50 డిగ్రీల వాటర్ బాత్‌లో పది నిమిషాలు, రెండు మూడు నిమిషాలకోసారి ట్యూబు తిప్పుతూ. ఆ బఫర్‌లో రంగు ఉంటుంది. పసుపుగానే ఉంటే పీహెచ్ సరిగ్గా ఉన్నట్టు. నారింజకో వంగపండుకో తిరిగితే కొంచెం సోడియం అసిటేట్ వేసి వెనక్కి తేవాలి. నాది పసుపే. ముక్క కరిగి కనిపించకుండా పోయిన ఆ క్షణం నాకు ప్రతిసారీ గుబులే, ఉన్న కాస్త డీఎన్‌ఏ కూడా కరిగిపోయిందేమో అనిపిస్తుంది. అది ఎక్కడికీ పోదు. బఫర్‌లోని గ్వానిడిన్ ఉప్పు డీఎన్‌ఏ చుట్టూ ఉన్న నీటిని లాగేస్తే, అది కాలమ్‌లోని సిలికాకి అతుక్కుంటుంది. ఉప్పు తక్కువున్న నీళ్లు పోయగానే వదిలేస్తుంది. 1979లో వోగెల్‌స్టీన్, గిలెస్పీ అనే ఇద్దరు గాజు పొడితో, సోడియం అయొడైడ్‌తో ఇదే పని చేసి చూపించారు. ఇప్పుడు మనం కొనే కాలమ్‌ల వెనకున్నది ఆ గాజు పొడి ఆలోచనే.

కడగడం, సెంట్రిఫ్యూజ్‌లో గిర్రున తిప్పడం మామూలే. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. కడిగిన ఆల్కహాల్ కాలమ్‌లో మిగిలిపోతే, తర్వాత జెల్ గుంటలో వేసినప్పుడు శాంపిల్ కిందికి దిగదు, పైకి తేలి పోతుంది. అందుకే ఖాళీగా ఇంకోసారి తిప్పి, మూత తీసి రెండు నిమిషాలు ఆరనిచ్చాను. 30 మైక్రోలీటర్ల గోరువెచ్చటి బఫర్ సరిగ్గా మధ్యలో పడేలా వేసి, కాసేపు ఆగి, తిప్పాను.

డీఎన్‌ఏ ఎంతుందో కొలిచే నానోడ్రాప్‌లో చూస్తే మైక్రోలీటరుకి 18.4 నానోగ్రాములు. రెండోది 15.9. ఎంత శుభ్రంగా ఉందో చెప్పే అంకెల్లో 260/280 బాగానే ఉంది, 1.83. 260/230 మాత్రం 0.4, గ్వానిడిన్ కాస్త మిగిలినట్టుంది. సీక్వెన్సింగ్‌కి అడ్డం రాకపోవచ్చు. ఇంత చిన్న ముక్కకి మొత్తం 20 నానోగ్రాములున్నా సరిపోతుంది.

ఇక మూడోది. అర మిల్లీలీటరు ట్యూబు అడుగున వేడి సూదితో చిన్న కన్నం పెట్టాను. అమ్మమ్మ దూదిని పొద్దున్నే ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవ్‌లో పెట్టి ఆరబెట్టాను. అందులోంచి చిటికెడు తీసి కన్నం మీద కూరాను. మరీ గట్టిగా కూరితే నీరు దిగదు, వదులైతే జెల్ కూడా దిగిపోతుంది. మూడుసార్లు తీసి పెట్టాను. జెల్ ముక్కని చిన్నగా తరిగి దానిమీద వేసి, మైనస్ 20లో గంట ఉంచాను. నీరు మంచుగా గట్టిపడేటప్పుడు జెల్ లోపలి వల చిరిగిపోతుంది. తర్వాత పిండితే నీటితో పాటు డీఎన్‌ఏ కూడా వచ్చేస్తుంది. ఆ ట్యూబుని పెద్ద ట్యూబులో నిలబెట్టి సెంట్రిఫ్యూజ్‌ని 6,000 మీద పెట్టి పది నిమిషాలు తిప్పాను. పెద్ద ట్యూబు అడుగున తేటగా, కన్నీటి బొట్లలా నీళ్లు దిగాయి. పైన దూది మీద జెల్ తడి ఆరిన పొరలా, కాగితంలా మిగిలింది. ఆ పొరని పట్టకారుతో పైకెత్తి చాలాసేపు చూశాను.

ఆ నీటికి సోడియం అసిటేట్, చల్లటి ఆల్కహాల్ కలిపి తిప్పితే ట్యూబు గోడకి గోరుగీరంత మచ్చ. కడిగి, ఆరబెట్టి, 20 మైక్రోలీటర్లలో కరిగించాను. నానోడ్రాప్ 6 అంది. అంత తక్కువలో ఆ అంకెని నమ్మలేం. అందుకే 3 మైక్రోలీటర్లు చిన్న జెల్ మీద నడిపాం. 655 దగ్గర సన్నగా, ఒక్కటే బ్యాండ్. 300 దగ్గర ఏమీ లేదు.

"అక్కా, వచ్చింది!" అని ఆ అమ్మాయి చప్పట్లు కొట్టింది. ఈసారి ఫోటో తీసుకోమన్నాను.

ఇంటికి వచ్చేసరికి ఏడున్నర. "పొద్దున్నెల్లినదానివి, ఇప్పుడేటే రావడం?" అంటూనే అమ్మమ్మ పని ఆపలేదు. ఎడమ చేతిలో గింజతో ఉన్న పత్తి, కుడి చేతిలో వాలుగ దవడ. దవడ మీద పళ్లు సూది మొనల్లా దగ్గరదగ్గరగా ఉంటాయి. వాటితో పత్తిని కొసల నుంచి మొదలుపెట్టి లోపలికి దువ్వుతుంది. ఎండాకు నలుసులు, దుమ్ము ఒళ్లో పరిచిన గుడ్డ మీద రాలుతున్నాయి. పోగు తెగదు. నా చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను, ఎప్పుడూ తొందరపడగా చూడలేదు.

నేను రెండేళ్లుగా చదువుతున్నది ఈ చేపనే అని ఈరోజే మొదటిసారి చెప్పాను. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదో నాకే తెలీదు. పొద్దున్న దూది కూడా దానికే వాడానన్నాను.

"ఈ చేపకేనా?" దవడని వేళ్ల మధ్య తిప్పి చూసింది. "ఎలాగుంది మరి, నలుసు పోనాదా?"

పోయిందన్నాను. బాగా వచ్చిందన్నాను.

"మరి రేపొట్టుకెల్లు, ఇంకా ఉంది" అంది.

రేపు ఆదివారం. సోమవారం మూడో ట్యూబు నుంచి ఒక మైక్రోలీటరు తీసి మళ్లీ పీసీఆర్ పెట్టాలి. ఫ్రీజర్‌లో దాని మూత మీద 'వాలుగ 3, దూది' అని రాసి వచ్చాను.