సెయింట్ మేరీస్ మోడల్: గోడలు అయ్యాయి, కప్పు ఏడిపిస్తోంది

చెన్నై సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీస్ చర్చిని ఒకటికి వంద స్కేల్లో కడుతున్నాను. మొన్న పినాకిని రైల్లో వెళ్లి మరోసారి చూసొచ్చాను. కోటలో సెక్రటేరియట్ ఉంది కాబట్టి గేటు దగ్గర చెకింగ్ ఉంటుంది, ఆధార్ కార్డు మర్చిపోకండి.

మొదట విజయవాడ వన్‌టౌన్‌లో 5 మిల్లీమీటర్ల సన్‌బోర్డు, అంటే తేలికపాటి ఫోమ్ షీటు, కొన్నాను. దండగ. ఈ చర్చి బయటి గోడల మందం 4 అడుగులు, లోపలివి 3, కప్పు 2. మన స్కేల్లో 12, 9, 6 మిల్లీమీటర్లు. అంటే 3 మిల్లీమీటర్ల షీటు అయితే నాలుగు, మూడు, రెండు పొరలు, లెక్క అచ్చంగా కుదురుతుంది. ఇది ముందే వేసుకోవాల్సిన లెక్క. కిటికీలను ప్రతి పొరలో విడిగా కోసి అతికించాను. అంచులు కలవని చోట ఎమిరీ పేపరుతో రుద్దితే సరి.

ప్రార్థన చేసుకునే చోటుకి ఇంత మందమెందుకో కప్పు చేస్తుంటే అర్థమైంది. గవర్నర్ స్ట్రెయిన్‌షామ్ మాస్టర్ కాలంలో చందాలతో 1678లో మొదలుపెట్టి 1680లో ప్రారంభించారు. ఫిరంగి గుళ్లకు తట్టుకోవాలని చదును మిద్దె వద్దనుకుని, పీపాను నిలువునా చీల్చినట్టు గుండ్రంగా కట్టారు. మూడు నడవలకు మూడు కప్పులు.

సన్‌బోర్డు అంత వంపు తిరగదు, విరుగుతుంది. ప్లంబర్ దగ్గర రెండున్నర అంగుళాల పీవీసీ పైపు ముక్క అడిగి తెచ్చి, చార్టు పేపరు పొరలు ఫెవికాల్‌తో చుట్టాను. పైపు మీద ప్లాస్టిక్ కవరు వేయాలని తట్టలేదు. మర్నాటికి పేపరు పైపుకే అతుక్కుపోయింది! రెండోసారి కవరు చుట్టి, రబ్బరు బ్యాండ్లు బిగించి రెండు రాత్రులు ఆరనిచ్చాను. నాలుగు పొరలే వేశాను, బయటికి కనిపించే రెండు చివర్లకు మాత్రం సన్‌బోర్డు కమానులు రెండేసి అతికించి 6 మిల్లీమీటర్లు చూపించాను. మోసమే, కానీ తలుపు దగ్గర్నుంచి చూసేవాళ్లకు తెలీదు.

శిఖరం ఇంకా ముట్టుకోలేదు. మొదటి కట్టడంలో అది లేదు, తరవాత చేర్చారు. అందుకే ఊడదీసేలా విడిగా చేద్దామనుకుంటున్నాను.

ఈ వారమంతా చర్చి చుట్టూ పరిచిన సమాధి రాళ్లతోనే గడిచింది. అవి మొదట అక్కడివి కావు. 1758-59లో ఫ్రెంచివాళ్లు కోటను ముట్టడించినప్పుడు బయటి శ్మశానంలోని సమాధుల చాటున నిలిచి పోరాడారు. తరవాత ఆ సమాధులను పడగొట్టించి, రాళ్లను తెచ్చి ఇక్కడ పరిచారు. నేను వాటిని పాత శుభలేఖల అట్టతో చేస్తున్నాను. గట్టిగా ఉంటుంది, గరుకు కూడా బాగుంది. 1753లో క్లైవ్ పెళ్లి ఈ చర్చిలోనే జరిగింది కదా, శుభలేఖలు తగినవే! ఇప్పటికి నలభై ముక్కలు కోశాను. బంగారు రంగు వైపు కిందికి తిప్పి అతికించాలి, మూడింటికి మర్చిపోయాను.