సిగ్నల్ నంబర్లు బట్టీ పట్టకండి, ప్రోగ్రాంతోనే చెప్పించండి

గేట్ సీఎస్‌ఈకి చదువుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఆపరేటింగ్ సిస్టమ్స్ గురించి ఒక్క మాట. నల్లగొండలో క్లాక్ టవర్ దగ్గరి రూముల్లో నేను చదువుకునేటప్పుడు గోడల మీద తరచుగా కనిపించిన చార్టు సిగ్నల్ నంబర్లదే. సిగ్నల్ అంటే నడుస్తున్న ప్రోగ్రాంకు (ప్రాసెస్‌కు) ఆపరేటింగ్ సిస్టమ్ అందించే చిన్న కబురు, ఒక్కోదానికి ఒక నంబర్ ఉంటుంది. 2 అంటే సిగ్‌ఇంట్, 9 అంటే సిగ్‌కిల్, 11 అంటే సిగ్‌సెగ్‌వీ. దాని మీద టైం పెట్టకండి. నంబర్లు అన్ని సిస్టమ్‌లలో ఒకేలా ఉండవు కూడా: సిగ్‌యూఎస్‌ఆర్1 మన లినక్స్ పీసీలో 10, మ్యాక్‌లో 30.

సీలో స్ట్ర్‌సిగ్నల్ అనే ఫంక్షన్ ఉంది. నంబర్ ఇస్తే అర్థమయ్యే మెసేజ్ ఇస్తుంది. నాకు ప్రాసెస్‌ల చాప్టర్ మొత్తం దాంతోనే పట్టుబడింది. ఫోర్క్‌తో చైల్డ్‌ను (మన ప్రాసెస్‌కు నకలుగా పుట్టే కొత్త ప్రాసెస్‌ను) పుట్టించి, అందులో కావాలనే నల్ పాయింటర్ (సరైన చోటు దేన్నీ చూపించని పాయింటర్) ద్వారా విలువ రాయించండి. చైల్డ్ అక్కడికక్కడే చచ్చిపోతుంది. పేరెంట్‌కు, అంటే చైల్డ్‌ను పుట్టించిన ప్రాసెస్‌కు, చైల్డ్ కోసం ఆగే వెయిట్‌పిడ్ ద్వారా స్టేటస్ అందుతుంది. ఆ స్టేటస్ సిగ్నల్ నంబర్ కాదు, ఇది బాగా గుర్తుంచుకోండి. ముందు డబ్ల్యూఇఫ్‌సిగ్నల్డ్‌తో సిగ్నల్ వల్లే పోయిందా అని చూసి, డబ్ల్యూటర్మ్‌సిగ్‌తో నంబర్ తీసి, అప్పుడు స్ట్ర్‌సిగ్నల్‌కు ఇవ్వాలి. 'సెగ్మెంటేషన్ ఫాల్ట్' అని వస్తుంది. అదే తప్పున్న ప్రోగ్రాంను నేరుగా బ్యాష్‌లో (టెర్మినల్‌లో కమాండ్లు తీసుకునే షెల్‌లో) నడిపి ఎగ్జిట్ స్టేటస్ చూస్తే 139. సిగ్నల్ వల్ల పోతే బ్యాష్ ఆ నంబర్‌కు 128 కలిపి చూపిస్తుంది, అంటే 128కి 11 కలిసింది.

ఇప్పుడు నల్ పాయింటర్ తీసేసి, ఒక ఇంటిజర్ వేరియబుల్‌ను సున్నా ఉన్న వేరియబుల్‌తో భాగించండి. ఇంటెల్ మెషీన్ మీద 'ఫ్లోటింగ్ పాయింట్ ఎక్సెప్షన్' అంటుంది. దశాంశం ఎక్కడా లేదు కదా అని టెన్షన్ పడొద్దు. సిగ్‌ఎఫ్‌పీఈ పేరు అలా ఉన్నా, లెక్కల తప్పులన్నీ దాని కిందికే వస్తాయి.

పాత నోట్సుల్లో ఈ మెసేజ్‌లు ఉండే సిస్‌_సిగ్‌లిస్ట్ అనే అర్రే కనిపిస్తే వదిలేయండి. 2020లో వచ్చిన జీలిబ్‌సీ (లినక్స్‌లోని సీ లైబ్రరీ) 2.32 నుంచి కొత్త ప్రోగ్రాంలు దాన్ని వాడలేవు. ఇంకోటి, సిగ్నల్ హ్యాండ్లర్ (సిగ్నల్ వచ్చినప్పుడు నడవాలని మనం పెట్టే ఫంక్షన్) లోపల స్ట్ర్‌సిగ్నల్, ప్రింట్‌ఎఫ్ పిలవొద్దు, అక్కడ అవి సేఫ్ కాదు. హ్యాండ్లర్‌లో ఫ్లాగ్ మాత్రం పెట్టి, మెసేజ్ మెయిన్‌లో ప్రింట్ చేయండి.

చివరగా చైల్డ్‌లో 15కు (సిగ్‌టర్మ్, ఆగిపొమ్మని అడిగే సిగ్నల్) హ్యాండ్లర్ పెట్టి, చైల్డ్‌ను పాజ్ లూపులో (సిగ్నల్ కోసం ఎదురుచూస్తూ) ఉంచి, ఇంకో టెర్మినల్ నుంచి కిల్ కమాండ్‌తో 15 పంపండి. హ్యాండ్లర్ నడుస్తుంది, చైల్డ్ బతికే ఉంటుంది. తర్వాత 9 పంపండి. దాన్ని ఏ హ్యాండ్లరూ ఆపలేదు, పేరెంట్ 'కిల్డ్' అని ప్రింట్ చేస్తుంది.